యూకేకి డిపెండెంట్ వీసా మీద వచ్చేవాళ్లకి హెల్త్ ప్యాకేజీలు అంటగడుతున్నారు, కొనకండి

మావారు ఈ మధ్యే డిపెండెంట్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చారు. రాకముందే ఒక ఏజెంట్ ఫోన్ చేసి మేడమ్ కొత్తగా వచ్చినవాళ్లకి ఆరు నెలలు ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం) వర్తించదు, ఈలోపు ఏమన్నా అయితే బిల్లు వేలల్లో వస్తుంది, మా ప్యాకేజీ తీసుకోండి అన్నాడు. 460 పౌండ్లు. ఆయనకి షుగర్ ఉంది, భయమేసి కట్టేశాను.

తీరా ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలు అయిపోవస్తే ఆ ప్యాకేజీ నంబర్‌కి ఫోన్ చేశాం, షుగర్ ముందునుంచీ ఉన్న జబ్బు కదా కవర్ కాదన్నారు. డబ్బు వెనక్కి ఇమ్మంటే 14 రోజులు దాటాయి కుదరదన్నారు. నాకు ఏడుపొచ్చింది.

అసలు ఆరు నెలల వెయిటింగ్ అనేదే లేదండీ! వీసా అప్లై చేసేటప్పుడు మనం ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జ్ కడతాం చూడండి, 2024 ఫిబ్రవరి 6 నుంచి పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, మావారి మూడేళ్ల వీసాకి 3,105 కట్టాను, అదేదో వీసా ఫీజులో కలిసిపోయింది అనుకుని మర్చిపోయాను, ఏజెంట్ పట్టుకుంది ఆ మరుపునే. ఆ డబ్బు ఎన్‌హెచ్‌ఎస్ కోసమే కట్టించుకుంటారు, వీసా మొదలైన రోజు నుంచే హాస్పిటల్ వైద్యం కూడా వర్తిస్తుంది. హెల్త్ అండ్ కేర్ వీసా వాళ్ల కుటుంబాలకైతే సర్‌చార్జ్ కూడా లేదు, వైద్యం మాత్రం ఉంటుంది.

జీపీ (మన ఏరియా ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు రాయించుకోడానికి వెళ్తే ఇంకో తలనొప్పి. రిసెప్షన్‌లో ఆయన పేరు మీద కరెంటు బిల్లో అద్దె అగ్రిమెంటో తెమ్మన్నారు. నిన్నగాక మొన్న దిగిన మనిషికి బిల్లు ఎక్కణ్ణుంచి వస్తుంది? రూల్ ప్రకారం అడ్రస్ ప్రూఫ్, ఐడీ, వీసా చూపించలేదని జీపీలు కాదనకూడదు, చేర్చుకోకపోతే కారణం 14 రోజుల్లోపు రాసివ్వాలి. ఆ మాటే మర్యాదగా అడిగితే జీఎంఎస్1 అనే రిజిస్ట్రేషన్ ఫారం చేతికిచ్చారు. రిజిస్ట్రేషన్‌కి పైసా అక్కర్లేదు, దానికి కూడా డబ్బులడిగే ఏజెంట్లున్నారు.

మందులకి ఇంగ్లండ్‌లో ఒక్కోదానికి 9.90 పౌండ్లు తీసుకుంటారు. కానీ షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు జీపీ దగ్గర ఎఫ్‌పీ92ఏ ఫారం అడిగి మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ప్రిస్క్రిప్షన్ మీద రాసిన మందులన్నీ ఉచితం, షుగర్ మందులొక్కటే కాదు. ఇది మాకు ఫార్మసీలో ఒకావిడ చెప్పారు, ఆమె చల్లగా ఉండాలి. పళ్ల వైద్యానికి మాత్రం ఇది పనికిరాదు. వేల్స్, స్కాట్లండ్‌లో అయితే ప్రిస్క్రిప్షన్ చార్జీయే లేదు.

విజిట్ వీసా మీద వచ్చే అమ్మానాన్నల సంగతి పూర్తిగా వేరు. వాళ్లకి హాస్పిటల్ బిల్లు ఎన్‌హెచ్‌ఎస్ రేటుకి 150 శాతం వేస్తారు, వాళ్లకి ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి. ఏజెంట్లు ఆ రూల్ చూపించే మనల్ని బెదిరిస్తున్నారు.

ఇలాంటి పాలసీ ఇప్పటికే తీసుకున్నవాళ్లుంటే కాగితాలు తీసి తేదీ చూడండి, 14 రోజులు దాటకపోతే ఇవాళే క్యాన్సిల్ చేస్తున్నామని మెయిల్ పెట్టేయండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి.