డెబ్‌కాన్ఫ్‌కు ఉత్తరాంధ్ర సరిపోతుందా? విజయనగరం, శ్రీకాకుళం చూసి వచ్చాక

డెబియన్ అనేది ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో కూర్చిన కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని తయారుచేసే సముదాయం ఏటా జరుపుకునే సమావేశం డెబ్‌కాన్ఫ్ 2000లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మొదలైంది. అది ఆసియాకు రావడానికి 2018 దాకా, మన దేశానికి రావడానికి 2023 దాకా పట్టింది. కొచ్చిలో జరిగిన ఆ సమావేశానికి 35 దేశాల నుంచి 470 మందికి పైగా వచ్చారు. మళ్లీ ఎప్పుడైనా మన దేశం తరఫున ప్రతిపాదన పెట్టాలంటే హైదరాబాదు, బెంగుళూరు కాకుండా ఇంతవరకు ఎవరూ తలచని ప్రాంతాన్ని చూపితే బాగుంటుందని మా మిత్రబృందంలో మాట వచ్చింది. విజయనగరం మా ఊరే కనుక రెండు జిల్లాలనూ తిరిగి, హాళ్లు, బసలు, దారులు చూసి రావలసిన పని నా మీద పడింది.

ఈ సమావేశానికి ఏం కావాలో ముందు చెప్పాలి. ఇది ఉపన్యాసాలు విని సాయంత్రానికి ఇళ్లకు వెళ్లిపోయే సభ కాదు. అసలు సమావేశానికి ముందు వారం డెబ్‌క్యాంప్ పేరుతో కొందరు వచ్చి కూర్చుని పని చేసుకుంటారు. హ్యాక్‌ల్యాబ్ అనే గది రాత్రంతా తెరిచే ఉంటుంది, ప్రసంగాలన్నీ నేరుగా ఇంటర్నెట్‌లో ప్రసారమవుతాయి. అంటే పడుకునే మంచానికీ పని చేసుకునే బల్లకూ మధ్య నడిచిపోగలిగినంత దూరమే ఉండాలి, అర్ధరాత్రి రెండు గంటలకు కూడా కరెంటు, నెట్ ఆగకూడదు. కొండలు, సముద్రం, కోటలు ఎంత అందంగా ఉన్నా ఆ తరువాతి సంగతే.

ఈ లెక్కన చూస్తే విజయనగరం పట్టణం చుట్టుపక్కల ఉన్న ఇంజనీరింగ్ కళాశాలల ప్రాంగణాలే మొదట కంటికి ఆనతాయి. హాస్టళ్లు, మెస్సు, సెమినార్ హాళ్లు అన్నీ ఒకే ప్రహరీ లోపల ఉంటాయి. నేను చూసిన ఒక ప్రాంగణంలో హాలు బాగుంది, కుర్చీలు బాగున్నాయి, నెట్ వేగం కూడా బాగానే ఉంది. మేము హాల్లో మాట్లాడుతూ ఉండగా కరెంటు పోయింది. జనరేటర్ వెంటనే అందుకుంది, లైట్లు, ఏసీలు వచ్చేశాయి. వైఫై మాత్రం చాలాసేపటికి గానీ రాలేదు. కారిడార్ చివర నెట్‌వర్క్ స్విచ్చి ఉన్న ఇనుప పెట్టెకు యూపీఎస్ లేదు. కరెంటు మారిన ఆ క్షణంలో అది ఆరిపోయి, మళ్లీ మొదటి నుంచి లేచింది. ప్రసారం నడుస్తున్నప్పుడు ఇలా జరిగితే ప్రపంచమంతటా చూస్తున్నవారికి ఖాళీ తెరే మిగులుతుంది. సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు, కాని ఇటువంటివి కాగితం మీద రాసే సౌకర్యాల పట్టికలో కనిపించవు. పెద్ద హాలు మేడ మీద ఉండి లిఫ్టు లేకపోవడం అంతకన్నా పెద్ద లోపం. చక్రాల కుర్చీలో వచ్చేవారు ఉంటారని చెబితే అక్కడివారు కింది అంతస్తులోని లైబ్రరీ హాలు ఇస్తామన్నారు. అది చిన్నదే అయినా పనికొస్తుంది.

హాస్టళ్లు చాలనివారికి పట్టణంలోని లాడ్జీలు చూశాను. గదులు శుభ్రంగానే ఉన్నాయి గాని చిక్కు మరొకచోట ఉంది. విదేశీయులకు గది ఇస్తే, సి-ఫారంగా అందరికీ తెలిసిన వివరాలను 24 గంటలలోపు ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. ఒక లాడ్జి గుమాస్తా ఆ మాట వినగానే, "మాకు ఫారినోళ్ల అలవాటు నేదు బాబూ, వైజాగు ఎల్లిపొమ్మనండి" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం. కళాశాల హాస్టలుకూ ఇదే నిబంధన వర్తిస్తుంది కనుక, ఎక్కడ దింపినా ఈ పని తెలిసిన మనిషిని మనమే కూర్చోబెట్టాలి. సదస్సు వీసాకు కేంద్ర హోం శాఖ, విదేశాంగ శాఖల అనుమతులు తెచ్చుకోవడం దీనికి అదనం. ఆ కాగితాలకు నెలల ముందునుంచే తిరగాలి.

శ్రీకాకుళం విషయంలో నాకు కొంత పక్షపాతం ఉండవచ్చు. మా అమ్మమ్మగారి ఊరు అటువైపే. అయినా ప్రధాన వేదికగా దాన్ని సూచించలేను. రైలు దిగేది పట్టణంలో కాదు, సుమారు 13 కిలోమీటర్ల దూరంలోని ఆమదాలవలసలో. విశాఖ విమానాశ్రయం నుంచి జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. రెండు మూడు విమానాలు మారి వచ్చినవారికి అది భారమే. విజయనగరమైతే విశాఖ నుంచి 60 కిలోమీటర్ల చిల్లర, పైగా హౌరా–చెన్నై మార్గంలో జంక్షను. భోగాపురం విమానాశ్రయం పూర్తిగా వాడుకలోకి వచ్చాక ఈ దూరాలు రెండు ఊళ్లకూ తగ్గుతాయి, విజయనగరానికి మరీను.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ తికమక పెట్టింది తేదీల లెక్క. డెబ్‌కాన్ఫ్ సాధారణంగా జూలై, సెప్టెంబరు మధ్య జరుగుతుంది. అప్పుడిక్కడ వానలు ఉన్నా ఓర్చుకోవచ్చు, హాస్టళ్లు మాత్రం నిండుగా ఉంటాయి. హాస్టళ్లు ఖాళీ అయ్యే మే నెలలో ఎండ, ఉక్కపోత మనకే భరించరానివి. అక్టోబరులో దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ వారం విజయనగరంలో గది దొరకదు. పైగా అది తుపాన్ల కాలం: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే తీరం దాటాయి. క్రిస్మస్ వారంలో ఐరోపావారు కదలరు, సంక్రాంతికి రైళ్లలో చోటుండదు. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో బ్రస్సెల్స్‌లో ఫాస్‌డెమ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సదస్సు ఉంటుంది, డెబియన్‌వారిలో చాలామంది అక్కడికే వెళతారు. ఇటు రథసప్తమికి అరసవల్లి భక్తులతో శ్రీకాకుళం నిండిపోయేదీ ఇంచుమించు అప్పుడే. తీసివేయగా మిగిలేది ఫిబ్రవరి రెండో సగం. వాతావరణం హాయిగా ఉంటుంది గాని, విద్యార్థులు హాస్టళ్లలోనే ఉంటారు కనుక ఒక బ్లాకు ఖాళీ చేయించగల యాజమాన్యం దొరకాలి.

భోజనం గురించి బెంగ లేదు. కారం తగ్గించమని వంటవారికి ముందే చెబితే చాలు. పాలూ నెయ్యీ ముట్టనివారికి మన ఆవ పెట్టిన కూరలు, పనసపొట్టు, పలాస జీడిపప్పు ఉండనే ఉన్నాయి.

సమావేశం మధ్యలో ఒకరోజు అందరినీ బయటికి తీసుకువెళ్లడం ఆనవాయితీ. దానికి మాత్రం శ్రీకాకుళం జిల్లాను మించినది లేదు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి సన్న నూలు వడికే పని చూస్తే, సాఫ్ట్‌వేర్ వాళ్లు అక్కడినుంచి కదలరని నా నమ్మకం. తరువాత వంశధార ఒడ్డున కొండ మీద ఉన్న శాలిహుండం బౌద్ధ స్తూపాలు. కొండ ఎక్కలేనివారికి శ్రీకూర్మం ఆలయం. కళింగపట్నం లైట్‌హౌసు దూరం నుంచి చూపించవచ్చు గాని, నదీముఖం దగ్గర నీళ్లలోకి దిగే కార్యక్రమం ఏదీ పెట్టకూడదని బృందానికి గట్టిగానే రాశాను.

ఇక మిగిలింది మనుషుల సంగతి. కొచ్చికి ముందు కేరళలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్లుగా పనిచేస్తున్నవారు ఉన్నారు. 2022 నవంబరులో పాలక్కాడులో, 2023 జనవరిలో తమిళనాడులోని విళుప్పురంలో మినీ డెబ్‌కాన్ఫ్‌లు జరిగాయి. విళుప్పురం మన విజయనగరం లాంటి జిల్లా పట్టణమే. మన దగ్గర కళాశాలలకు కొదవ లేదు గాని, డెబియన్ ప్యాకేజీ (అందులో చేర్చే సాఫ్ట్‌వేర్) ఒక్కటైనా నిర్వహించిన విద్యార్థిని కలవాలని అడిగితే అన్నిచోట్లా బిక్కమొహాలే ఎదురయ్యాయి. అందుకే పెద్ద సమావేశానికి ఇప్పుడే ప్రతిపాదన వద్దని, ముందు విజయనగరంలో రెండు రోజుల మినీ డెబ్‌కాన్ఫ్ జరపాలని రాశాను. యూపీఎస్ పెట్టించి, కింది హాలు ఇచ్చి, ప్రసారం పని నేర్చుకోవడానికి పదిమంది విద్యార్థులను పంపుతామని ఏ కళాశాల ముందుగా ఒప్పుకుంటే అక్కడే.