సెరమైడ్ క్రీమ్ 14 నెలలు వాడాక

తప్పు నాదే ముందు చెప్పేస్తున్నా. రాత్రి రెటినాల్ (విటమిన్ ఏ రకం మందు), రోజు విడిచి రోజు గ్లైకాలిక్ యాసిడ్ (పైనున్న మృతకణాల్ని ఊడగొట్టేది), పొద్దున్నే నురగ బాగా వచ్చే ఫేస్‌వాష్, ఇలా రెండు నెలలు చేశాక ఉత్త నీళ్లు తగిలినా మొహం చురుక్కుమనేది, ముక్కు పక్కన పొట్టు లేచేది, ఇంకోపక్క జిడ్డు, జిడ్డుగా ఉంది కదా అని మళ్లీ కడిగేదాన్ని.

మొదట ఒక సెరమైడ్ (చర్మంలో మామూలుగానే ఉండే ఒక రకం కొవ్వు) సీరమ్ కొన్నా, అందులో వేరే కొవ్వులేం లేవు. ఆరు వారాలు వాడినా పెద్ద తేడా లేదు. తర్వాత చదివితే తెలిసింది, చర్మం పైపొరలో కణాల మధ్య ఉండే కొవ్వుల్లో బరువు ప్రకారం దాదాపు సగం సెరమైడ్లే అయినా పావు వంతు కొలెస్ట్రాల్ ఉంటుంది, ఫ్యాటీ యాసిడ్లూ ఉంటాయి, మూడూ కలిసి పొరలుగా సర్దుకుంటేనే లోపలి తడి ఆవిరైపోకుండా ఆగేది. 1990లలో చర్మ పరిశోధకుడు పీటర్ ఎలియాస్ వాళ్ల టీమ్ ఎలుకల మీద చూస్తే, మూడింట్లో ఒకటో రెండో మాత్రమే పూసినప్పుడు దెబ్బతిన్న చర్మం కోలుకోవడం ఇంకా ఆలస్యమైంది! మూడూ ఉంటేనే మామూలుగా కోలుకుంది. (కొలెస్ట్రాల్ అని లేబుల్ మీద చూసి మా అక్క గుండెకి మంచిది కాదేమో అంది, ఇది తినేది కాదక్కా అన్నా.)

అందుకే మూడూ ఉన్న, వాసన కలపని క్రీమ్‌కి మారా, గ్లైకాలిక్ యాసిడ్, రెటినాల్ పూర్తిగా ఆపేశా. పది రోజులకి మంట తగ్గింది, పొట్టు పోవడానికి మూడు వారాలు పైనే పట్టింది. ఇందులో క్రీమ్ గొప్ప ఎంత, ఆపేయడం గొప్ప ఎంత అంటే సగం సగం అంటా నేను. మధ్యలో క్రీమ్ అయిపోయి కొన్నాళ్లు పెట్రోలియం జెల్లీతో నెట్టుకొచ్చా, అదీ బాగానే కాపాడింది, కాకపోతే అది పైపొరలోనే ఉండి తడిని ఆపుతుంది, ఈ కొవ్వుల్ని మాత్రం చర్మం లోపలికి తీసుకుని తన పొరల్లో కలుపుకుంటుంది.

చిరాకులు కూడా ఉన్నాయి. పైన సన్‌స్క్రీన్ రాస్తే ఉండలు కడుతుంది, అందుకే రాత్రి మాత్రమే. మచ్చలకి ఏమీ చెయ్యదు, ఆ ఆశ పెట్టుకోకండి. కొనేముందు సెరమైడ్ ఎన్‌పీయో ఏపీయో (లేబుల్ మీద NP, AP అని ఉండే సెరమైడ్ రకాలు), కొలెస్ట్రాల్, స్టియరిక్ లాంటి ఫ్యాటీ యాసిడ్ ఉన్నాయా చూసుకోండి, ఏది ఎంతపాళ్లో మాత్రం చాలా లేబుళ్లు చెప్పవు.

ఇప్పుడు రెటినాల్ మళ్లీ వారానికి రెండుసార్లు వాడుతున్నా, మర్నాడు ఈ క్రీమ్ ఒక్కటే, నీళ్లకి చురుక్కుమనడం లేదు.