వాలు చూసి దిగిన బసలు: లోథాల్, ధోలావీరా ప్రయాణం

గుజరాత్‌లో సింధు నాగరికత నాటి ఊళ్లయిన లోథాల్, ధోలావీరా చూడటానికి విజయవాడలో నవజీవన్ రైలు ఎక్కకముందే మా అమ్మ షరతు పెట్టింది: "ఎన్ని శిథిలాలైనా చూస్తాను గానీ, దిగిన చోటల్లా బాత్రూము నేను చూశాకే సామాను దించాలి." డెబ్బై ఏళ్ల మోకాళ్లు ఆమెవి. అందుకే కింది తీర్పుల్లో సగం ఆమెవే.

అహ్మదాబాదులో స్టేషనుకు దగ్గరగా దిగిన హోటలుకు పరుపుల వరకు మంచి మార్కులే వేస్తాను. స్నానాల గది అద్దంలా మెరిసింది గానీ, నీళ్లు తూము వైపు కాకుండా తలుపు వైపు నడిచాయి. ఒక బకెట్ పోసుకునేసరికి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా తేలింది. "వాలు తెలియని మేస్త్రీ" అని అమ్మ తేల్చేసింది.

మర్నాడు కారు మాట్లాడుకుని లోథాల్ వెళ్లాం. దాదాపు 80 కిలోమీటర్లు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, చూసుకుని బయలుదేరండి. నీడ తక్కువ, గొడుగు ఉండాలి. వచ్చినవాళ్లు ఎక్కువగా 214 మీటర్ల పొడవున్న రేవు దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు. అది రేవా, చెరువా అన్నది పండితుల తగువు. దాన్ని వాళ్లకే వదిలి మేము మెరక మీదికి ఎక్కాం. అక్కడ వరుసగా 12 స్నానపు గచ్చులు, ఒక్కొక్కదాని నుంచి పిల్ల కాలువ, అవన్నీ కలిసే పెద్ద మురుగు కాలువ. 1955లో ఎస్.ఆర్.రావు మొదలుపెట్టిన తవ్వకాల్లో బయటపడ్డాయి. వయసు నాలుగు వేల ఏళ్ల పైమాటే.

నన్ను ఆపేసింది ఇటుక. ఇళ్ల గోడలకు ఎండబెట్టిన మట్టి ఇటుకే వాడారు. కాల్చిన ఇటుక గచ్చుకు, కాలువకు, రేవుకు, అంటే నీరు తగిలే చోటికి. బట్టీకి కట్టెలు తగలేసే ఖర్చు పడకగదికి కాకుండా స్నానాల గదికి పెట్టారన్న మాట. మనం ఫ్లాటు కొనేటప్పుడు హాలు వెడల్పు అడుగుతాం, తూము ఎక్కడుందో అడగం. కొన్ని ఇళ్లలో వాడిన నీరు నేలలో పాతిన కుండలోకి దిగి ఇంకేది. మన ఇంకుడు గుంతకు ముత్తాత. అమ్మ వంగి చాలాసేపు చూసి, "వీళ్లకు వాలు తెలుసు" అంది. అంతకు మించిన మెప్పు ఆమె నోట నేను వినలేదు.

దారిలో దాబాల గురించి ఒక్క ముక్క: భోజనం బాగుంది, ఆడవాళ్ల మరుగుదొడ్లకు గడియలు లేవు. మాకు పెట్రోలు బంకులే నయమనిపించాయి.

భుజ్‌లో ఒక రాత్రి ఆగి, ఖావ్డా మీదుగా తెల్లటి ఉప్పు మైదానం మధ్య రోడ్డు పట్టుకుని ధోలావీరా చేరాం. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన చోటు. ఇక్కడ రాతిదే రాజ్యం. మన్సర్, మన్హర్ అనే రెండు వాగుల నీటిని మళ్లించి ఊరి చుట్టూ జలాశయాలు నింపారు. తూర్పుది 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు. కోట మెరక మీద వాననీటి కాలువలు మనిషి దూరేటంత ఉన్నాయి. చుక్క వాన కూడా పోనివ్వని ఊరు. లోథాల్ రెండు గంటల్లో తేలిపోతుంది, ధోలావీరాకు ఒక రాత్రి కావాలి. ఒక్కటే చూడగలిగితే నేను ధోలావీరా అంటాను, అమ్మ లోథాల్ అంటుంది.

గుడారాల బసకు చెప్పిన అద్దె విని, ఊళ్లో ఒక భుంగా తీసుకున్నాం. మట్టితో కట్టిన గుండ్రటి ఇల్లు, లోపల చల్లగా ఉంది. స్నానాల గది వాకిలి దాటి అవతల. షవరు లేదు, కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్ల బకెట్ ఉంది. నేను సంచులు పట్టుకుని నిలబడ్డాను. అమ్మ లోపలికి వెళ్లి చెంబెడు నీళ్లు బండల మీద ఒంపింది. అవి తిన్నగా గోడ కింది కన్నంలోంచి జారి, బయట నిమ్మచెట్టు పాదులో చేరాయి.

"సామాను దించు" అంది.