వలస పాలన బడ్జెట్ల మీద కోచింగ్ నోట్సు: కొనొచ్చా?

మా అమ్మాయి గ్రూప్-2కి చదువుతోంది. శ్రీకాకుళంలో ఓ కోచింగ్ సెంటర్ వాళ్లు అమ్మే బ్రిటిష్ ఇండియా ఆర్థిక వ్యవహారాల నోట్సు 220 రూపాయలు పెట్టి కొన్నాం. ట్రెజరీలో బిల్లులు చూస్తూ రిటైరైనవాణ్ణి కదా, ముందు నేనే చదివేశాను.

ఉప్పు పన్ను అధ్యాయం ఒక్కదానికే డబ్బులు గిట్టుబాటు. 1923లో మణుగుకి రూపాయి పావలా ఉన్న పన్నుని రెండున్నర చేస్తామంటే కేంద్ర శాసనసభ ఒప్పుకోలేదు. అయినా వైస్రాయ్ రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో ఆమోదించేసి వసూలు చేయించాడు. మరుసటి ఏడాది మళ్లీ రూపాయి పావలాకే దించారు. సభ ఓటుకి విలువెంతో పిల్లలకి ఇట్టే తెలుస్తుంది. ఇంత రాసి, మన నౌపడ ఉప్పు మడుల ఊసే ఎత్తకపోవడమేంటో!

లండన్ ఖర్చుల పద్దు కూడా బాగా విడగొట్టారు. అప్పుల మీద వడ్డీ, ఇంటికెళ్లిపోయిన దొరల పింఛన్లు, 1919 భారత ప్రభుత్వ చట్టం వచ్చేదాకా అక్కడ కూర్చున్న భారత వ్యవహారాల మంత్రి జీతం, అన్నీ మన ఖజానా నుంచే. పింఛను మీద బతికేవాణ్ణి, ఆ లైను దగ్గర కాసేపు ఆగిపోయాను.

1860 నాటి బ్రిటిష్ ఇండియా ఆర్థిక సభ్యుడు విల్సన్ బడ్జెట్, ఆదాయపు పన్ను అరపేజీలో తేల్చేశారు. మద్రాసు ప్రాంతంలో జమీందార్ల శిస్తుని ఎప్పటికీ మారకుండా ఖాయం చేసిన 1802 శాశ్వత శిస్తు గురించి ఇంకా తక్కువ.

ప్రింటు మాత్రం దారుణం. పట్టికల్లో అణాలు రూపాయల గడిలోకి దూరిపోయాయి. కొనేముందు కౌంటర్ దగ్గరే పట్టికలున్న పేజీలు తిప్పి చూసుకోండి, మసగ్గా ఉంటే వేరే కాపీ అడిగితే ఇస్తారు.