ఎస్పీ రోడ్డులో స్కోపు దొరికింది, లాడ్జిలో ఎర్త్ దొరకలేదు

ముందు లాడ్జి సంగతి. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండుకు ఐదు నిమిషాల నడక. నాన్ ఏసీ డబుల్ రూము, రోజుకు రూ. 1,400. ఖాళీ చేసేటప్పుడు బిల్లు కింద చేత్తో రాసిన ఇంకో గీత: "ఎక్స్‌ట్రా కరెంటు రూ. 300". గదిలో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ గంటసేపు, 40 వాట్ల ఆసిలోస్కోపు (కరెంటు సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే పరికరం, వాడినది ఒకటి కొనడానికే ఈ ప్రయాణం) రెండు గంటలు నడిచాయి. రెండూ కలిపి 0.105 యూనిట్. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా 84 పైసలు. ఆ మూడొందలతో అదే ఐరన్‌ను రెండు నెలలు రాత్రింబవళ్లు ఆపకుండా కాల్చొచ్చు. పోనీ, కట్టిన డబ్బుకు కరెంటైనా సవ్యంగా ఇచ్చారా అంటే అదీ లేదు. ఆ మాట తర్వాత.

హైదరాబాదు నుంచి రాత్రి రైలు. చెప్పుకోవడానికేం లేదు, వేళకే దింపింది.

ఎస్పీ రోడ్డు అంటే సాదర్ పత్రప్ప రోడ్డు, బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాను బజారు. మెజెస్టిక్‌లో మెట్రో గ్రీన్ లైన్ ఎక్కితే చిక్‌పేట, ఆ తర్వాత కె.ఆర్. మార్కెట్. ఎక్కడ దిగినా నడిచే దూరమే. పదిన్నరకు ముందు వెళ్తే షట్టర్లే కనబడతాయి. ఆదివారం చాలా షాపులు మూత. తెలుగులో బేరమాడొచ్చు, ఆ ఇబ్బంది లేదు. కానీ రెండు వేల లోపు సామానుకు ఇంత దూరం రావడం దండగ. ఆంప్లిఫయర్ బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు, జాకులు కావాలంటే కోఠీ గుజరాతీ గల్లీ చాలు. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి నడవడమే. నెల్లూరు, తిరుపతి వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్ దగ్గర. ఎస్పీ రోడ్డుకు రావాల్సింది వాడిన టెస్టు పరికరాల కోసం, విలువలో ఒక్క శాతానికి మించి తేడా లేని రెసిస్టర్ల కోసం, ఎస్ఎండీ (బోర్డు పైనే అతికే బుల్లి) విడిభాగాల కోసం.

స్కోపుల షాపు మొదటి అంతస్తులో, ఇరుకు మెట్ల పైన. ఈ ప్రయాణంలో కడుపు నిండిన చోటు అదే. షాపాయన అడక్కుండానే బల్ల ఖాళీ చేసి, ముందు సీరీస్ బల్బు బోర్డు తీశాడు. పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్టును నేరుగా మెయిన్స్‌కు పెట్టకుండా మధ్యలో 60 వాట్ల బల్బు పెడితే, లోపల షార్ట్ ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. క్షణం మెరిసి మందగిస్తే ఫరవాలేదు. ఆ తర్వాతే నేరుగా కరెంటు. "పావుగంట వేడెక్కనీండి, అప్పుడు చూడండి" అన్నాడు. అమ్మేవాడు ఆ మాట అనడం అరుదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక గీత పైకో కిందికో జరిగిపోయే స్కోపులే ఎక్కువ.

మూడు చూశాం, మూడూ 20 మెగాహెర్ట్జ్ రెండు ఛానళ్ల (రెండు సిగ్నళ్లు ఒకేసారి చూపే) అనలాగ్ స్కోపులే. మొదటిదానికి ట్యూబు మధ్యలో అడ్డంగా కాలిన చార. ఏళ్ల తరబడి ఒకే చోట గీత నిలబెట్టి వదిలేస్తే తెర లోపల వెలిగే ఫాస్ఫర్ పూత కాలిపోతుంది, దానికి మందు లేదు. రెండోది చూపుకు బాగుంది. అయితే ముందున్న క్యాలిబ్రేషన్ పిన్ను నుంచి వచ్చే 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగాన్ని రెండు ఛానళ్లకూ ఇస్తే, మొదటి ఛానల్ నాలుగు గడులు, రెండో ఛానల్ మూడు గడుల చిల్లర చూపాయి. వదిలేశాం. మూడోదానికి నాబ్ తిప్పితే గీత గరగరలాడింది. అది కాంటాక్టులకు పట్టిన మురికి, క్లీనర్ కొడితే పోతుంది. 0.2 మిల్లీసెకండ్ల దగ్గర ఒక సైకిల్ సరిగ్గా ఐదు గడులు పట్టింది, అంటే టైమ్‌బేస్ (అడ్డంగా కాలం కొలిచే భాగం) సరే. కొత్త పెన్సిల్ సెల్ పెట్టి డీసీలో అర వోల్టు గడికి పెడితే గీత మూడు గడుల పైన నిలిచింది. చెప్పిన ధర రూ. 8,500, తెగింది రూ. 6,200. కొత్త ప్రోబులు (సిగ్నల్‌ను స్కోపుకు తెచ్చే తీగలు) రెండు, ఒక్కోటి రూ. 450. ప్రోబు మీద ఒకటి, పది అని మీట ఉంటుంది. ఒకటి మీద బ్యాండ్‌విడ్త్, అంటే సరిగ్గా చూపగలిగే ఫ్రీక్వెన్సీ, ఆరేడు మెగాహెర్ట్జ్‌కే పడిపోతుంది. అది తెలియక స్కోపును తిట్టేవాళ్లున్నారు. పది మీద పెట్టి, చదరపు తరంగం మూలలు గుండ్రంగానూ కొమ్ములుగానూ లేకుండా ప్రోబులోని చిన్న స్క్రూ తిప్పుకోవాలి.

ఇదంతా రెండు గంటలు. తోడొచ్చిన బావమరిది అప్పటికే మొహం మాడ్చుకున్నాడు. చిక్‌పేట వైపు ఒక చిన్న హోటల్లో చౌచౌబాత్ (ఉప్మా, కేసరి కలిపి), కాఫీ ఇప్పించాక మనిషి దారికొచ్చాడు. ఇద్దరికీ రూ. 150.

ఎస్పీ రోడ్డులో మోసం జరగలేదని కాదు. అరకిలో సోల్డర్ రీలు, పైన 60/40 (తగరం/సీసం) అని ముద్ర, రూ. 650. ఆ ధరకే అనుమానం రావాల్సింది. అరవై వంతులు తగరం ఉంటే 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలై 190కల్లా పూర్తిగా నీరవుతుంది, ఐరన్ తీయగానే చటుక్కున గట్టిపడి మెరుస్తుంది. గదిలో కరిగించి చూస్తే ఇది ముద్దలా సాగింది, ఆరాక బూడిద రంగులో గరుకుగా మిగిలింది. సీసం పాలు ఎక్కువన్నమాట. 40 వంతుల తగరమైతే పూర్తిగా కరగడానికి 238 డిగ్రీలు కావాలి. మధ్యలో ముద్దగా ఉన్నంతసేపూ విడిభాగం కాలు కాస్త కదిలినా జాయింటు పగులుతుంది. మర్నాడు తీసుకెళ్తే "విప్పిన రీలు వాపసు లేదు" అన్నారు. కొనేముందు అంగుళం ముక్క అక్కడే కరిగించి చూపమనండి. కండెన్సర్ల దగ్గరా అంతే, కాళ్లకు పాత సోల్డర్ అంటుకుని ఉంటే అవి పీకినవే, పైన తొడుగు ఎంత కొత్తదైనా.

ఇప్పుడు లాడ్జిలో కరెంటు. రాత్రి స్కోపు పెట్టగానే బావమరిది డబ్బా మీద చెయ్యి వేసి జిల్లుమంటోందని వెనక్కి లాక్కున్నాడు. "సెకండ్ హ్యాండు వద్దంటే విన్నావా బావా?" నిజానికి తప్పు స్కోపుది కాదు. ప్లగ్గులో మల్టీమీటర్ పెడితే ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 232 వోల్టులు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఇక్కడ 41, 38. అంటే ఎర్త్ పిన్ను వెనక తీగే లేదు, మీటరు చూపేది గాల్లో తేలే అంకె. ఈ స్కోపు మెయిన్స్ ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి డబ్బాకు ఒకటి, న్యూట్రల్ నుంచి డబ్బాకు ఒకటి చిన్న కండెన్సర్లున్నాయి. ఎర్త్ లేకపోతే డబ్బా రెండింటి నడుమ, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. 2.2 నానోఫారడ్ కండెన్సర్ గుండా వచ్చేది 0.16 మిల్లీఆంపియర్ మాత్రమే. మనిషికి జిల్లుమంటుంది, అంతే. కానీ ఇరవై వోల్టులకు మించి ఓర్వని మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) గేటు ప్రోబు చివర ఉంటే దాని పని అయిపోయినట్టే.

బాత్రూంలో గీజర్ ప్లగ్గూ అలాగే ఉంది. కిందికెళ్లి చెబితే మేనేజరు, "అందరూ ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుంటూనే ఉన్నారు సార్, ఎవరూ ఏమీ అనలేదు" అన్నాడు. రెండు పిన్నుల ఛార్జర్‌కు ఎర్త్‌తో పనేముంది! రెండు రోజులూ చన్నీళ్లే పోసుకున్నాం. బావమరిది దానికీ నన్నే అన్నాడు. మూడు బల్బుల ప్లగ్ టెస్టర్ రూ. 180కి దొరుకుతుంది. గది చూపించినప్పుడే గుచ్చి చూసుకోండి. ఫ్యాను తిరుగుతోందా అని చూసే బదులు ఇది నయం.

జిల్లుమనకుండా స్కోపు ఎర్త్ పిన్ను కోసేసేవాళ్లు, ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) ప్రైమరీ వైపు, అంటే మెయిన్స్ తగిలే వైపు, చూడటానికి అదే పని చేసేవాళ్లు ఉన్నారు. ప్రోబు క్లిప్పు డబ్బాకే కలిసి ఉంటుంది కాబట్టి, ఆ పిన్ను కోస్తే ప్రైమరీ వోల్టేజీ మొత్తం డబ్బా మీదికి వస్తుంది. మెయిన్స్‌తో నేరు సంబంధం తెంచే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ రిపేరులో ఉన్న సెట్టుకు పెట్టాలి, స్కోపుకు కాదు.

తిరుగు ప్రయాణంలో స్కోపును దుప్పట్లో చుట్టి, నాబుల ముందు థర్మోకోల్ అడ్డం పెట్టి లోయర్ బెర్తు కిందికి తోశాం. ఇంటికొచ్చి ఎర్త్ ఉన్న ప్లగ్గులో పెడితే డబ్బాకూ ఎర్త్‌కూ మధ్య 0.3 వోల్టు. బావమరిదిని చెయ్యి పెట్టమంటే ఇప్పటికీ పెట్టడం లేదు.