వుడ్ పాపీనా, కనకాంబరమా: అనంతపురం వేపనీడకు ఏది తగును?

అనంతపురంలో ఇంటి వెనుక వేపచెట్టు నీడలో పూలమొక్క పెట్టదలచిన వారికి వుడ్ పాపీ, కనకాంబరం రెండూ ఆశ చూపుతాయి. రెండూ ఏళ్ల తరబడి బతికేవే, నీడకు ఓర్చేవే. వుడ్ పాపీ ఉత్తర అమెరికా తూర్పు అడవులది. వసంతంలో నాలుగు రేకుల పసుపు పూలు పూస్తుంది. కాడ తుంచితే నారింజ ఛాయగల పసుపు పాలు కారతాయి. మన బీళ్లలోని బలురక్కసికి అది దూరపు చుట్టమే. అయితే దాని గింజ మొలకెత్తాలంటే నెలల తరబడి చలి తగలాలి, మొక్కకు ఆకులు కుళ్లిన తేమనేల కావాలి. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన, 40 డిగ్రీలు దాటే ఎండ ఉన్న ఈ ఎర్రనేలలో, గింజలను ఫ్రిజ్‌లో ఉంచి మొలిపించినా, ఆ మొక్క మే నెల దాటుతుందని నేను అనుకోను.

కనకాంబరం దక్షిణాది మొక్కే. చెట్టుకింద చెదురుమదురు ఎండ దానికి చాలు. ఎండిన కాయపై నీటిచుక్క పడగానే అది చిటుక్కున పగిలి గింజలను దూరంగా విసురుతుంది. గింజ కట్టని ఢిల్లీ కనకాంబరాన్ని మాత్రం కొమ్మ ముక్కలతోనే పెంచుకోవాలి. వేళ్లపై బుడిపెలు తెచ్చే నులిపురుగులు దీనికి పెద్ద బెడద కనుక, నాటేముందు గుంతలో వేపపిండి కలపడం మేలు.