ఇంట్లో వాడే మెత్ పరీక్ష కిట్లు: ఏది కొనాలి, ఎంతవరకు నమ్మాలి

మెథాంఫెటమైన్ (మెత్ అని పిలిచే మత్తుమందు) కోసం ఇంట్లో చేసుకునే మూత్ర పరీక్ష కిట్లు పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. పెట్టె మీద కనిపించే "99 శాతం కచ్చితం" లాంటి మాటల్ని వదిలేసి, వెనక చిన్న అక్షరాల్లో ఉండే కటాఫ్ అంకెను, అంటే మూత్రంలో ఎంత మందు ఉంటే పాజిటివ్ చూపిస్తుందో చెప్పే హద్దును చూడండి. కొన్ని స్ట్రిప్పులకు అది మిల్లీలీటరుకు 1000 నానోగ్రాములు, కొన్నింటికి 500, కొన్నింటికి 300. ఒక నమూనాలో 700 నానోగ్రాములు ఉందనుకుంటే, మొదటి రకం నెగెటివ్ చూపిస్తుంది, మిగతా రెండూ పాజిటివ్ చూపిస్తాయి. వీటిలో ఏ కిట్టూ తప్పు చెప్పినట్టు కాదు. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగుల పరీక్షలకు పాత హద్దు 1000. 2010 అక్టోబరు నుంచి 500 చేశారు. ఇంటి అవసరానికీ 500 సరిపోతుంది. 300 రకం ఇంకొంచెం ఎక్కువసేపు పట్టుకుంటుంది గానీ, మామూలు మందులకు కూడా ఉలిక్కిపడే అవకాశం పెరుగుతుంది. కటాఫ్ అసలు రాయని కిట్ ఎంత చవకైనా కొనకండి.

ఇక మెత్ ఒక్కదాన్నే చూసే కిట్ తీసుకోవాలా, నాలుగైదు మందుల్ని కలిపి చూసేది తీసుకోవాలా? ఇప్పుడు సరుకు దొరుకుతున్న తీరును చూస్తే రెండోదే నయం. తూర్పు, ఆగ్నేయాసియాల్లో 2024లో పట్టుబడ్డ మెత్ 236 టన్నులని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం లెక్క. అప్పటికి అదే రికార్డు. అది స్ఫటికాలుగానే రావడం లేదు. కెఫీన్ కలిపిన యాబా మాత్రలుగా వస్తోంది, ఎక్స్‌టసీ పేరుతో అమ్మే మాత్రల్లోనూ ఉంటోంది. మింగినవాడికే తాను మింగింది మెత్ అని తెలియకపోవచ్చు. కాబట్టి మెత్, యాంఫెటమైన్, ఎమ్‌డీఎమ్‌ఏ (ఎక్స్‌టసీలోని అసలు మందు) మూడింటికీ విడివిడి స్ట్రిప్పులున్న కిట్ కొనండి. శరీరం మెత్‌లో కొంత భాగాన్ని యాంఫెటమైన్‌గా మారుస్తుంది గనుక రెండు చోట్లా పాజిటివ్ వస్తే మెత్ వైపు అనుమానం బలపడుతుంది. యాంఫెటమైన్ ఒక్కటే పాజిటివ్ అయితే ఏకాగ్రత సమస్యకు డాక్టరు రాసిన యాంఫెటమైన్ మందు కావచ్చు. ఎమ్‌డీఎమ్‌ఏ ఎక్కువగా ఉంటే మెత్ స్ట్రిప్ కూడా స్పందించవచ్చు. ఇక మెత్ పాజిటివ్, యాంఫెటమైన్ నెగెటివ్ అని వస్తే "ఇది తప్పుడు పాజిటివ్" అని వెంటనే కొట్టిపారేయడానికి లేదు. మారిన యాంఫెటమైన్ తక్కువే. చాలా కిట్లలో దాని కటాఫ్ 1000 కాబట్టి అంతవరకూ చేరకపోవచ్చు. మెఫెడ్రోన్ లాంటి వేరే ఉత్తేజకాలను ఈ మూడు స్ట్రిప్పులూ పట్టుకుంటాయన్న భరోసా పెట్టుకోకండి.

వాడకంలో ఎక్కువ మంది తడబడేది గీత చదవడం దగ్గరే. గర్భ పరీక్షలో గీత వస్తే పాజిటివ్. ఇక్కడ అది తలకిందులు: టి (పరీక్ష గీత ఉండే చోటు) దగ్గర గీత వస్తే నెగెటివ్, రాకపోతే పాజిటివ్. కారణం తెలిస్తే మళ్లీ పొరపడరు. స్ట్రిప్‌లో రంగు అంటించిన యాంటీబాడీలుంటాయి. మూత్రంలో మెత్ లేకపోతే అవి పైకి పాకి, టి దగ్గర ముందే అద్దిన మందును పట్టుకుని గీతగా కనిపిస్తాయి. మూత్రంలోనే మెత్ ఉంటే యాంటీబాడీలు దానికే అతుక్కుపోతాయి. టి దగ్గర పట్టుకోవడానికి ఏమీ మిగలవు. అందుకే లేత గీత కూడా నెగెటివే. "లేతగా ఉంది, అంటే కొంచెం తీసుకున్నాడు" అన్న తీర్పు ఈ కిట్ల విషయంలో జరిగే అతి పెద్ద అన్యాయం. సి (స్ట్రిప్ పనిచేస్తోందని చూపే చోటు) దగ్గర గీత రాకపోతే స్ట్రిప్ పాడైందని అర్థం, ఇంకొకటి తీయాలి.

పద్ధతి తేలికే. ఫ్రిజ్‌లో పెట్టిన నమూనా అయితే గది వేడికి రానివ్వాలి. రేకు సంచిని పరీక్షకు ముందే చింపాలి. చెమ్మ తగిలితే స్ట్రిప్ చెడుతుంది. బాణం గుర్తు కిందికి ఉండేలా, మ్యాక్స్ గీత దాటకుండా 10 నుంచి 15 సెకన్లు ముంచి, బల్లపరుపుగా పెట్టాలి. క్యాసెట్ రకమైతే గుంటలో మూడు చుక్కలు, బుడగలు లేకుండా. అయిదు నిమిషాలకు చదవాలి. పది నిమిషాలు దాటాక కనిపించిన దేన్నీ లెక్కలోకి తీసుకోకండి. మ్యాక్స్ గీత దాటి ముంచితే రంగు కరిగి కిందికి కారిపోతుంది, అప్పుడు వచ్చే ఫలితానికి అర్థం లేదు.

కప్పు రకానికి ధర ఎక్కువైనా ఒక సౌకర్యం ఉంది. స్ట్రిప్పులు గోడలోనే ఉంటాయి, మూత బిగుతుగా పడుతుంది, పక్కన ఉష్ణోగ్రత పట్టీ ఉంటుంది. అప్పుడే ఇచ్చిన మూత్రం నాలుగు నిమిషాల్లోపు 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపించాలి. పాజిటివ్ వస్తే అదే నమూనాను ల్యాబ్‌కు పంపడానికి వీలుంటుంది. ఒక్కసారి పరీక్షకు కప్పు, పదేపదే చేసేవాళ్లకు విడి స్ట్రిప్పులు కొనడం లాభం.

ల్యాబ్ మాట ఎందుకంటే, ఈ స్ట్రిప్ పాజిటివ్ ప్రాథమిక ఫలితమే. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మందులు, రక్తపోటుకు వాడే లాబెటలాల్, మానసిక చికిత్సలో వాడే బ్యూప్రోపియాన్, ట్రాజడోన్, అలర్జీకి వాడే ప్రోమెథజైన్ లాంటివి యాంఫెటమైన్ కుటుంబపు స్ట్రిప్పుల్ని తప్పుదారి పట్టించినట్టు వైద్య సాహిత్యంలో నమోదైంది. ల్యాబ్‌లో చేసే నిర్ధారణ పరీక్ష, అంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ మాస్ స్పెక్ట్రోమెట్రీ, లేదా ద్రవ క్రొమటోగ్రఫీతో చేసే అదే తరహా పరీక్ష వీటిని వేరుచేస్తుంది. పార్కిన్సన్స్‌కు ఇచ్చే సెలెజిలిన్ విషయం మరీ చిక్కు: అది శరీరంలో నిజంగానే ఎడమ రూపపు మెథాంఫెటమైన్‌గా మారుతుంది. మామూలు నిర్ధారణ పరీక్ష కూడా "మెత్ ఉంది" అనే అంటుంది. డీ (కుడి), ఎల్ (ఎడమ) రూపాలను విడగొట్టే కైరల్ పరీక్ష అడిగితే తప్ప ఆ మనిషి బయటపడడు. పరీక్షకు ముందే వాడుతున్న మందులన్నీ రాసిపెట్టుకోండి, ఫలితం వచ్చాక గుర్తు చేసుకుంటే అది సాకులా వినిపిస్తుంది.

నెగెటివ్ వచ్చినా అది కొన్ని రోజులకే వర్తిస్తుంది. వాడిన కొన్ని గంటల నుంచి సుమారు రెండు నుంచి నాలుగు రోజుల వరకు మూత్రంలో దొరుకుతుంది, విడవకుండా ఎక్కువ మోతాదు వాడేవారిలో వారం దాకా పోవచ్చు. మూత్రం ఎంత ఆమ్లంగా ఉందన్నదాన్ని బట్టి ఈ గడువు మారుతుంది. బాగా పలుచనైన మూత్రంలో అంకె కటాఫ్ కిందికి పడిపోతుంది. మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే పదార్థం డెసిలీటరుకు 20 మిల్లీగ్రాములకన్నా తక్కువ ఉందా అని చూపించే పట్టీ కప్పుతో వస్తే దాన్నీ చూడండి, తక్కువైతే మూత్రం పలుచనైందని అనుమానించాలి. ఎంత వాడాడు, ఎప్పుడు వాడాడు, ఇప్పుడు మత్తులో ఉన్నాడా, అలవాటుపడ్డాడా అన్నవాటిలో ఒక్కదానికీ ఈ కిట్ దగ్గర జవాబు లేదు.

లాలాజలం కిట్లు ఎదురుగానే నమూనా తీసుకోవడానికి బాగుంటాయి, కానీ దొరికే గడువు ఒకటి రెండు రోజులే. పైగా మెత్ నోరు ఎండిపోయేలా చేస్తుంది. అసలు వాడినవారి దగ్గరే స్పాంజి తడవడానికి చాలాసేపు పడుతుంది. "మెత్ టెస్ట్" అనే పేరుతోనే గోడలు, బల్లల మీద అవశేషాన్ని చూసే కిట్లు కూడా అమ్ముతారు. అవి ఇల్లు అద్దెకు తీసుకునేవారి కోసం, మూత్రానికి పనికిరావు.

ఈ కిట్లు నిజంగా అక్కరకొచ్చేది చికిత్సలో. మెత్ వ్యసనానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆమోదించిన మందు ఇంతవరకు లేదు. గట్టి ఆధారమున్న పద్ధతి, నెగెటివ్ వచ్చిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే చికిత్స. అందులో పరీక్ష వారానికి రెండు మూడుసార్లు చేస్తారు. అంతకన్నా అరుదుగా చేస్తే మధ్యలో వాడింది దొరక్కుండా పోతుంది. రోజూ చేస్తే సోమవారం వాడిన మందే మంగళ, బుధవారాల్లో కూడా పాజిటివ్ చూపించి, ఒక్క జారుడును మూడుగా లెక్క కడుతుంది. ఇంట్లో చేసేవాళ్లకూ ఇదే లెక్క, అదీ ఆ మనిషి ఒప్పుకున్నాకే. దొంగచాటుగా తీసిన నమూనాతో తెలిసేదానికన్నా చెడిపోయే మాటలే ఎక్కువ.

విడి స్ట్రిప్పులు ఎక్కువ కొంటే గడువు తేదీ చూసి, 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండే చోట పెట్టండి. స్నానాల గదిలో మాత్రం వద్దు.